మిషన్ బల్ల మీద పూత

ఇంట్లో టమాటా కాయదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. మా ఇంట్లో ఏడు కాశాయి. రెండో అంతస్తులో, ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో, నా కుట్టుమిషన్ బల్ల మీద, పాత రంగు డబ్బాల్లో. అన్నిటికంటే ముందు పండినదాన్ని రుమాలులో చుట్టుకుని బస్సు డిపోకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఆయన "ఏంటమ్మా అది?" అన్నాడు. "టమాటా" అన్నాను. "ఎవరికి?" అన్నాడు. నోరు పెట్టుకుని బతికేదాన్ని, ఆ గేటు దగ్గర మాత్రం నోరు పెగల్లేదు.

అవి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే రోజులు. బడులు తెరవడానికి ముందు ఒక నెల, తెరిచాక రెండు నెలలు. దర్జీకి ఏడాది తిండి ఆ మూడు నెలల్లోనే. తల పైకెత్తడానికి తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే మా చెల్లి ఆసుపత్రి నుంచి తిన్నగా నా గదికి వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచీ, మందుల పొట్లం. ఇంకో చేతిలో మూడు టమాటా మొక్కలు. మెళ్ళో తాడుకి ఈల.

"ఈల ఎందుకే?" అన్నాను.

"డ్యూటీలో చేరేటప్పుడు వెతుక్కోకుండా."

ఎనిమిదేళ్ళుగా అది సిటీ బస్సులో కండక్టరు. డ్రైవరుతోనూ ప్రయాణికులతోనూ ఎంత గట్టిగా మాట్లాడేదో, ఇంట్లో నాతో అంత మెత్తగా ఉండేది. ఇంట్లో గట్టిగా మాట్లాడే ఉద్యోగం నాది కాబట్టి. గుండె బలహీనపడిందనీ, రెండు నెలలు మంచం దిగకూడదనీ దానికి చెప్పారు. నన్ను పక్కకి పిలిచి డాక్టరు ఇంకో మాట చెప్పారు. "రెండు నెలల తర్వాత సంగతికి నేను మాటివ్వలేను, మీరూ ఆశ పెట్టకండి" అని. ఆ మాట నేను మింగేసి ఇంటికొచ్చాను.

"ఈ మొక్కలేంటి?"

"ఆసుపత్రి మలుపులో నర్సరీ ఉందిగా, అక్కడ కొన్నాను. ఊరికే పడుకోమంటే నా వల్ల కాదక్కా. ఎవరినో ఒకరిని ఎక్కించాలి, దించాలి. టమాటాలు కాయిస్తా."

"ఎండ లేదు, గాలి లేదు. నాలుగు గోడల మధ్య టమాటాలు కాయిస్తుందట! ఆలూ లేదు చూలూ లేదు..."

"కాయిస్తే ఏమిస్తావు?"

నా నోట్లో గుండుసూదులు ఉన్నాయి. చేతిలో చిన్నపిల్ల గౌను ఉంది. ధ్యాసంతా దాని కుచ్చుల మీద ఉంది. "కాయ పండిన రోజు నేనే నిన్ను డిపోకి తీసుకెళ్ళి డ్యూటీ ఎక్కిస్తా, సరేనా?" అనేశాను.

"మాటేనా?"

"మాటే."

మారాం చేసే పిల్లకి చందమామని తెచ్చిస్తానంటారే, అలా అన్నాను. అది అలా వినలేదు. ఆ రోజు నుంచి దానికి ఆ మొక్కలే డ్యూటీ ఆర్డరు.

గది ఎంత ఇరుకంటే దాని మంచం పట్టె నా మిషన్ బల్లకి ఆనుకునే ఉండేది. వెలుతురు కిటికీ దగ్గరే కాబట్టి మిషనూ అక్కడే, డబ్బాలూ అక్కడే, బల్ల చివర వరసగా. నాది కాలితో తొక్కే మిషను, మా అమ్మ కాలం నాటిది. తొక్కితే బల్ల ఊగేది, బల్లతో పాటు మంచం ఊగేది. మొదటి రోజు భయపడి ఆపేశాను.

"తొక్కవే" అంది కళ్ళు తెరవకుండానే. "వెనక సీట్లో కూర్చున్నట్టు హాయిగా ఉంది."

ఆసుపత్రిలో ఇరవై రోజులు కన్ను మూతపడలేదని చెప్పిన మనిషి, నేను నాలుగు చొక్కా చేతులు అతికేలోపు గురక పెట్టింది. నేను మిషన్ ఆపితే మాత్రం టక్కున లేచేది.

"ఏ స్టాపక్కా?"

"బాబిన్ స్టాపు. దారం చుట్టాలి."

"రైట్ రైట్" అనేది, మళ్ళీ నిద్రలోకి జారిపోయేది.

రోజంతా ఇదే ఆట. కాలర్ స్టాపు, గుండీల స్టాపు. "టీ స్టాపు, పది నిమిషాలు ఆగుతుంది, దిగేవాళ్ళు దిగొచ్చు" అంటే ఒక్కోసారి నవ్వు ఆపుకోలేక దానికి ఆయాసం వచ్చేది. అప్పుడు నన్ను నేనే తిట్టుకుని నీళ్ళు పట్టించేదాన్ని.

మూడో వారంలో పూలు విచ్చుకున్నాయి. పసుపు రంగువి, తలలు దించుకుని ఉండేవి. అది పొద్దున్నే మోచేతి మీద లేచి లెక్క చూసుకునేది. ఐదో వారంలో ఒక రోజు ఉన్నట్టుండి ఈల ఊదింది. నేను ఉలిక్కిపడి వేలు మీద కుట్టేసుకోబోయాను.

"చూడు! ఇద్దరు ఎక్కారు!"

వాడిన రెండు పూల వెనక పెసరగింజంత ఆకుపచ్చ పిందెలు. వంగి చూశాను. చాలా ముద్దుగా ఉన్నాయి. సంతోషించాను, నిజంగానే. ఆ వెంటనే నేనిచ్చిన మాట గుర్తొచ్చింది. ఇవి పండితే దానికి నేనేం చెప్పాలి?

ఆ వారమే నర్సమ్మ వచ్చింది. వారానికోసారి వచ్చి నాడి చూసి, కాళ్ళ వాపు నొక్కి చూసి వెళ్ళేది. ఆ రోజు నేను పని ఆపకుండా తొక్కుతూనే ఉన్నాను. మర్నాటికి ముప్పై జతలు ఇవ్వాలి. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంటమ్మా! గుండె జబ్బు మనిషిని పడుకోబెట్టి మంచం ఇలా ఊపేస్తున్నారు? ఈ చప్పుడేంటి? ప్రశాంతంగా ఉంచమన్నారా లేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ నా పని కోసం దాన్ని హింస పెట్టానన్నమాట. ఆవిడ మెట్లు దిగగానే కింద ఇస్త్రీ చేసే అన్నయ్యని పిలిచి, ఇద్దరం పట్టుకుని మిషన్ని తలుపు బయట మెట్ల దగ్గరికి లాగేశాం. లాగుతుంటే మిషన్ కాలు తగిలి, కింద దించి పెట్టిన ఒక డబ్బా పక్కకి ఒరిగింది. కొమ్మ విరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు, విరిగిన కొమ్మకే ఉన్నాయి ఆ రెండు పిందెలూ.

అది ఆ కొమ్మని అడిగి తీసుకుని చూసింది. తర్వాత "పోనీలే, చిల్లర లేనివాళ్ళేమో, దిగిపోయారు" అంది.

డబ్బాలని కిటికీ గూట్లో పెట్టాను. అంతకంటే మంచి వెలుతురు. కుదుపు లేదు, గుడ్డపీలికల దుమ్ము లేదు. "ఇక మీ ముగ్గురికీ, దీనికీ రాజభోగమే" అన్నాను మొక్కలతో. తలుపు మూసి, మెట్ల దగ్గర కూర్చుని కుట్టుకున్నాను. వాన జల్లు పడితే ముందు గుడ్డలు కాపాడుకుని, తర్వాత నన్ను నేను కాపాడుకునేదాన్ని.

లోపల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చూసి, హమ్మయ్య, పడుకుందనుకునేదాన్ని. వెళ్ళి చూస్తే కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉండేది.

"అక్కా, మిషన్ లోపలికి తెచ్చుకోవే."

"నర్సమ్మ చంపేస్తుంది."

"చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదే."

"చప్పుడు లేకపోతే నిద్ర పట్టని మనిషిని నిన్నే చూశాను. కళ్ళు మూసుకో, అదే పడుతుంది."

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అడిగింది. "పోనీ తలుపన్నా తీసి ఉంచవే." ఆ రోజు నా నడుము విరిగిపోతోంది, ఒక గౌను కొలత తప్పి విప్పి కుట్టాను, తడిసిన చీర ఒంటికి అంటుకుని ఉంది. గయ్‌మన్నాను. "నీ ఆరోగ్యం కోసం మెట్ల మీద కుక్కలా కూర్చుని కుడుతుంటే నీకు వేళాకోళంగా ఉందా? నోరు మూసుకుని పడుకో!"

నోరు మూసుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరి సంగతి ఎలా ఉన్నా, నా నోరు మంచిదైతే ఆ మూడు వారాలు దానికి నిద్ర ఉండేది.

పూలు మాత్రం పూస్తూనే ఉన్నాయి, ముందుకంటే ఎక్కువగా. పూసిన నాలుగైదు రోజులకి తొడిమ మధ్యలో కణుపు పసుపుగా మారేది. మర్నాటికి పువ్వు రాలిపోయేది. రాలినవాటిని అది మందుల డబ్బా మూతలో దాచుకునేది.

"పదకొండు మందక్కా. ఒక్కరూ కూర్చోవడం లేదు, అందరూ దిగిపోతున్నారు."

"నీళ్ళు ఎక్కువయ్యాయేమో."

"నర్సరీ ఆయన్ని ఒక్కసారి అడిగి రావూ?"

"వెళ్తాలే."

వెళ్ళలేదు. ఈ రోజు, రేపు అంటూ ఆరు రోజులు గడిపాను. పని ఉందన్నది నిజమే. కానీ దాని వెనక ఇంకో నిజం ఉంది, ఇప్పుడైనా చెప్పెయ్యాలి. పూలు రాలుతుంటే నాకు లోలోపల కాస్త ఊరటగా ఉండేది. కాయ కాయకపోతే నేను ఇచ్చిన మాట అడగదు కదా అని. తోడబుట్టినదాన్నే, అయినా అలా అనుకున్నాను.

ఆరో రోజు దానికి జావ పట్టిస్తుంటే రెండు చెంచాలకే తల తిప్పేసుకుంది. "ఇక ఆ మొక్కలకి నీళ్ళు పోయకక్కా, అనవసరం" అంది. ఎనిమిదేళ్ళు కిక్కిరిసిన బస్సులో "ముందుకి జరగండి, చోటుంది, ఇంకా చోటుంది" అని అరిచిన మనిషి అన్న మాట అది. గిన్నె కడగకుండానే చెప్పులేసుకుని నర్సరీకి వెళ్ళాను.

నర్సరీ ఆయన పెద్దాయన, చేతులు ఎప్పుడూ మట్టిలో ఉంటాయి. అంతా విన్నాడు.

"నీళ్ళు?"

"పోస్తున్నాను."

"వెలుతురు?"

"కిటికీలోనే ఉన్నాయి. పువ్వులు బోలెడు."

"మరి కదిపేదెవరమ్మా?"

"కదపడమేంటి?"

ఆయన పక్కనున్న మొక్కని దగ్గరికి లాక్కుని, ఒక పువ్వు కింద అరచెయ్యి పెట్టి, తొడిమని గోటితో టకటకా కొట్టాడు. అరచేతిలో పసుపు పొడి సన్నగా రాలింది.

"ఈ పొడి రాలాలి. ఏ పువ్వుది ఆ పువ్వు మీద రాలినా చాలు. బయటుంటే గాలి ఊపుతుంది, తేనెటీగ వచ్చి ఊపుతుంది. మీరు గదిలో పెట్టి తలుపేస్తే ఎవరు ఊపుతారు? మరీ ప్రశాంతంగా ఉంచారమ్మా, అదే తప్పు."

"మొదట్లో రెండు పిందెలు వేశాయండీ."

"అయితే అప్పుడేదో ఊపి ఉంటుంది. గుర్తు చేసుకోండి."

గుర్తు చేసుకోవాల్సిన పని లేదు. నా కాళ్ళకి తెలుసు. నర్సరీ నుంచి ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టించి అన్నయ్యని పైకి లాక్కొచ్చాను. మిషన్ లోపలికి వస్తుంటే అది తల తిప్పి చూసింది.

"నర్సమ్మ?" అంది.

"నర్సమ్మ సంగతి నేను చూసుకుంటా."

బల్లని మంచానికి ఆనించాను. డబ్బాలు బల్ల మీదికి చేర్చాను. జేబు ముక్క ఒకటి సూది కింద పెట్టి తొక్కాను. పూలు వణికాయి, మంచం వణికింది. జేబుకి మూడో పక్క తిరిగేసరికి అది నిద్రపోయింది. మూడు వారాల నిద్ర. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టే. నాకు దుఃఖం తన్నుకొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి మిషన్ ఆపాను.

"ఏ స్టాపక్కా?"

"బాబిన్ స్టాపు" అన్నాను.

సాయంత్రం దానికి నర్సరీ ఆయన చెప్పింది చెప్పాను. ఆశ్చర్యపోయింది. "మనలాంటివే అన్నమాట" అంది.

"నీకు ముందే తెలుసా ఏంటి, అందుకే మిషన్ తెమ్మన్నావా?"

"లేదే. నేను నిద్ర కోసమే అడిగాను."

"మరి గట్టిగా ఎందుకు అడగలేదే?"

"రెండుసార్లు అడిగానుగా. మూడోసారి అడిగితే కండక్టర్నే దింపేసేలా ఉన్నావు" అని నవ్వింది.

నవ్వుతూనే అంది. ఆ మాట ఇప్పటికీ నా లోపల ముల్లులా ఉంది.

ఆ తర్వాత వారం రోజులు మళ్ళీ మా బస్సు నడిచింది. యూనిఫాంల పని తగ్గిపోయింది. అయినా నేను ఏదో ఒకటి కుడుతూనే ఉన్నాను. దిండు గలీబులు, మసిగుడ్డలు, చిరగని పాత లంగాలకి మరమ్మతులు. ఏడో రోజు పొద్దున్న అది వేలితో చూపించింది. గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. ఒక పువ్వు వాడి, దాని వెనక ఆవగింజంత ఆకుపచ్చ. ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. ఈల మోగలేదు, గాలి మాత్రమే వచ్చింది.

"ఎక్కారు" అన్నాను నేనే.

"ఇక ఖాకీ బట్టలు తియ్యి" అంది. "చొక్కా వదులైపోయి ఉంటుంది. రెండు పక్కలా లోపలికి పట్టెయ్యి."

టేపు తీసుకుని ఛాతీ కొలిచాను. పాత కొలత నాకు నోటికొచ్చు, దాని ఖాకీలు ఎప్పుడూ నేనే కుట్టేదాన్ని. నాలుగు అంగుళాలు తగ్గింది. కొలుస్తుండగానే నర్సమ్మ వచ్చింది. మిషన్ని చూసింది, మంచాన్ని చూసింది, నా చేతిలో టేపుని చూసింది. తిడుతుందని నేను సమాధానాలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నాడి చూసి, కాళ్ళు చూసి, దాని జుట్టు వెనక్కి సవరించి లేచింది. గుమ్మం దగ్గర నాతో ఒక్క మాట అంది.

"మిషన్ అక్కడే ఉండనివ్వండి."

నాకు అర్థమైంది. లోపలికి వచ్చి చొక్కా కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

మర్నాడు వాన వెలిసి ఎండ కాసింది. కిటికీలోంచి వెలుతురు బల్ల మీద పడుతోంది. ఒక పక్క కుట్టు వేశాను. "మరీ బిగించకక్కా" అంది. "డ్యూటీలో చేరాక ఒళ్ళు చేస్తాను."

"లోపల గుడ్డ వదులుతున్నాలే. ఒళ్ళు చేసినప్పుడు విప్పుకుందాం."

"రైట్ రైట్" అని కళ్ళు మూసుకుంది.

రెండో పక్క కూడా అయిపోయింది. దారం తెంపి చొక్కా మడత పెట్టాను. ఇక కుట్టడానికి ఇంట్లో ఒక్క పీలిక లేదు. ఆపితే లేస్తుంది. అందుకని సూదిలోంచి దారం తీసేసి, ఉత్తి మిషనే తొక్కుతూ కూర్చున్నాను. గుడ్డ లేకుండా, దారం లేకుండా. నెమ్మదిగా, ఒకే లెక్కన. డబ్బాల్లో పూలు అదురుతున్నాయి. పసుపు పొడి బల్ల మీద పడడం నాకు కనిపించింది, లేదా అలా అనుకున్నాను. ఎంతసేపు తొక్కానో, పిక్కలు పట్టేశాయి. కాస్త ఊపిరి తీసుకుందామని ఆపాను.

గదిలో చప్పుడు లేదు. నేను దాని వైపు తిరగలేదు. అడుగుతుందని చూశాను.

"బాబిన్ స్టాపు" అన్నాను, అడక్కుండానే.

కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. నేను మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. ఇస్త్రీ అన్నయ్య ఏదో పని మీద పైకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ముందు దాన్ని చూశాడు, తర్వాత సూది కింద చూశాడు. లోపలికి వచ్చి, చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు.

ఆ ఖాకీ చొక్కా నేనే తొడిగాను. రెండు పక్కలా సరిగ్గా సరిపోయింది. లోపల వదిలిన గుడ్డ అలాగే ఉంది.